ఛాయాచిత్రము క్రింద రెండు పంక్తులు

నేటి కాలమున ఛాయాచిత్రము తీయుట యొక విద్యయని, దానిని ఒకరి యొద్ద నేర్చుకొనవలెనని ఎవరికిని తోచదు. పొలమునకు పోవు రైతు జేబులోను, కళాశాలకు పోవు బాలిక సంచిలోను సెల్‌ఫోను ఉన్నది; అందులో కెమెరా ఉన్నది. పెండ్లిపందిటిలో పురోహితుడు మంత్రము చెప్పుచుండగా, చుట్టును నిలిచినవారిలో సగముమంది అక్షతలు మాని, చేతులెత్తి చిత్రములు తీయుచుందురు. ఇట్టి కాలమున, వార్తాపత్రికలకు చిత్రములు తీయుటయే వృత్తిగా గలవారి యొద్ద మనము నేర్చుకొనదగినది ఏమి మిగిలినదని శ్రోతలలో కొందరికి సందేహము కలుగవచ్చును. నాకును కలిగినది. ఆ సందేహముతోనే నేనొక మూడు దినముల శిక్షణ శిబిరమునకు పోయితిని. అచ్చట విన్న పాఠములలో కొన్ని కెమెరాకు సంబంధించినవి. కొన్ని కెమెరాతో సంబంధమే లేనివి. ఈ రెండవ తెగకు చెందిన పాఠమొకటి నేను చేసిన తప్పువలన నాకు బోధపడినది. ఆ సంగతిని నేడు మీకు మనవి చేసెదను.

శిబిరము నాగార్జునసాగరము ఆనకట్ట చేరువ, హిల్ కాలనీలో, ఒక హాలులో జరిగినది. మేము ఇరువదిమందిమి చేరితిమి. పెండ్లి చిత్రములు తీయు స్టూడియోవారు కొందరు, ఉపాధ్యాయులు కొందరు, గ్రామములనుండి పత్రికలకు వార్తలు పంపు విలేకరులు కొందరు, విద్యార్థులు కొందరు. మాకు బోధించినవారు ఇద్దరు. ఒకరు దినపత్రికలలో ముప్పదియేండ్లకు పైగా పనిచేసి తల నెరసిన పెద్దలు. రెండవవారు పదియేండ్లుగా అదే వృత్తిలోనున్న ఒక స్త్రీ.

పెద్దలు మొదట వృత్తి చరిత్రను కొంత చెప్పిరి. ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడియైనది 1839వ సంవత్సరము ఆగస్టు 19వ తేదీన, పారిసు నగరమున. ఆ దినములలో చిత్రము తీయుటకు బరువైన పెట్టె, గాజు లేక లోహపు పలక, మందుల సీసాలు కావలెను. చిత్రమునకు కూర్చున్నవారు కదలకుండ బొమ్మవలె ఉండవలెను. మన హైదరాబాదునందు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువున ఆస్థాన ఛాయాగ్రాహకుడై, 1894లో ముసవ్విర్ జంగ్ బిరుదము పొందిన రాజా దీన్‌దయాళుగారు అట్టి పరికరములతోనే కోటలను, దర్బారులను, వేట విడుదులను చిత్రించి దేశవిదేశములందు ప్రఖ్యాతి గాంచిరి. ఆయన 1844లో మీరటు దగ్గరి సర్ధానాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివినవాడు, 1905లో గతించెను.

చిత్రము పత్రికలోనికి వచ్చుటకు మరికొంత కాలము పట్టినది. 1880వ సంవత్సరము మార్చి 4వ తేదీన న్యూయార్కులోని డైలీ గ్రాఫిక్ అను పత్రిక, ఛాయాచిత్రమును చిన్న చిన్న చుక్కలుగా మార్చి అచ్చొత్తు పద్ధతిని మొదటిసారి చూపినది. నేటికిని పత్రికలోని బొమ్మను భూతద్దముతో చూచినచో ఆ చుక్కలు కనబడును. పిమ్మట 1925లో జర్మనీ దేశమున లైకా కెమెరా అమ్మకమునకు వచ్చినది. అది అరచేతిలో ఇముడును. ఒక ఫిల్ము చుట్టలో 36 చిత్రములు పట్టును. అంతవరకు మనుష్యులు కెమెరా యొద్దకు వచ్చెడివారు. అప్పటినుండి కెమెరాయే మనుష్యుల యొద్దకు పోవ మొదలిడినది. వీధిలోనికి, సంతలోనికి, వరదలోనికి, యుద్ధములోనికి పోయినది. పత్రికా ఛాయాగ్రాహకుడను వృత్తి ఈ రెండు మార్పులవలన వృద్ధి చెందినది.

తరువాత వెలుతురును గురించి చెప్పిరి. ఇది కొంత వివరముగా చెప్పదగినది. కెమెరాలోనికి వెలుతురు వచ్చుటకు ఒక రంధ్రము, ఆ వెలుతురును ఎంతసేపు రానీయవలెనో నిర్ణయించు ఒక తలుపు ఉండును. ఆ తలుపునే షట్టరు అందురు. కొళాయి క్రింద బిందె పెట్టినట్లు తలపుడు. కొళాయిని బాగుగా త్రిప్పినచో బిందె త్వరగా నిండును. సన్నధారగా విడిచినచో ఎక్కువసేపు పట్టును. బిందె నిండుట మాత్రము ఒక్కటే. రంధ్రము వైశాల్యము రెట్టింపయినచో కాలము సగము చాలును. నిండుటెండలో, 100 వేగముగల ఫిల్మునకు, 16 అను అంకెగల రంధ్రమును పెట్టి, సెకండులో నూరవ వంతు కాలము తలుపు తెరచినచో చిత్రము సరిగా వచ్చును. ఈ సూత్రమును పాతతరము ఛాయాగ్రాహకులందరును కంఠస్థము చేసియుండిరి. రంధ్రపు అంకె పెరిగిన కొలది రంధ్రము చిన్నదగునని గుర్తుంచుకొనవలెను. పరుగెత్తు ఎద్దును నిలిపి చూపవలెనన్నచో సెకండులో ఐదువందల వంతు కాలము కావలెను. అప్పుడు రంధ్రమును అంతకంత పెద్దది చేయవలెను.

సెల్‌ఫోను ఈ లెక్కనంతయు తానే చేసికొనును గదా యని మాలో ఒకరు అడిగిరి. పెద్దలు నవ్వి, "లెక్క అది చేస్తుంది. కాని నల్లగొండ ఎండలో తలపాగా చుట్టుకున్న మనిషి కళ్ళు మిట్టమధ్యాహ్నం కనపడవని దానికి తెలియదు. ఆ మనిషిని వేపచెట్టు నీడకు రమ్మని అడగడమో, సాయంత్రం దాకా ఆగడమో మీరే చేయాలి" అనిరి. ఆ మాటయొక్క సత్యమును మరునాడే చూచితిమి. మధ్యాహ్నము తీసిన ముఖములన్నియు కన్నులుండవలసినచోట రెండు నల్లని గుంటలతో వచ్చినవి.

మరియొక పాఠము మూడు దూరములను గురించి. ఒక సంగతిని చెప్పవలెనన్నచో మొదట దూరమునుండి చోటును చూపవలెను. పిమ్మట కొంచెము సమీపించి మనిషి చేయుచున్న పనిని చూపవలెను. కడపట మిక్కిలి చేరువకు పోయి చేతినో ముఖమునో చూపవలెను. క్రొత్తవారు మధ్య దూరముననే నిలిచిపోవుదురు. దూరము పోవుటకు బద్ధకము, దగ్గరకు పోవుటకు బిడియము. అద్దమును త్రిప్పి దూరమున నున్నదానిని చేరువకు తెచ్చు సాధనములున్నవి గాని, వాటితో బిడియము పోదనియు, పలుకరించిననే పోవుననియు ఆమె చెప్పిరి.

రెండవనాడు మమ్ములను పెద్దవూరకు పంపిరి. ఈ గ్రామము హాలియానుండి సాగరునకు పోవు మార్గమున నున్న మండల కేంద్రము. మాకు పెట్టిన నియమము ఒక్కటి. ఎన్ని వేల చిత్రములు పట్టు కెమెరా యైనను, ప్రతివాడును 36 చిత్రములు మాత్రమే తీయవలెను. పాత ఫిల్ము చుట్ట చేతనున్నట్లే భావింపవలెను. సాయంకాలమునకు వానిలో ఐదింటిని ఎన్నుకొని, ఒక్కొక్కదాని క్రింద రెండు పంక్తుల వివరణ వ్రాయవలెను.

నేను ఆ యూరికి క్రొత్తవాడను. ఉదయమంతయు తిరిగితిని. పాల డబ్బాలు కట్టుకొని పోవు మోటారుసైకిళ్ళు, మిరపకాయలు కల్లమునందు ఆరబోసిన స్త్రీలు, బడిపిల్లలు, అన్నియు తీసితిని. బస్సులు నిలుచు చోట, చెట్టునీడ, అరుగుమీద ఒక వృద్ధుడు కూర్చుండియుండెను. నడుము విల్లువలె వంగియున్నది. చేతిలో కఱ్ఱ. ఆకులసందునుండి వెలుతురు ఒకవైపునుండి వచ్చి ఆయన వీపుమీద పడుచుండెను. మొదటిదినపు పాఠములన్నియు నాకు ఒక్కసారిగా జ్ఞప్తికి వచ్చినవి. ఆయన నన్ను చూడలేదు. నాలుగు చిత్రములు తీసి, సంతోషముతో వెడలిపోయితిని.

సాయంకాలము నా యైదు చిత్రములలో దానిని మొదట పెట్టి, దాని క్రింద ఇట్లు వ్రాసితిని: "ఫ్లోరైడు భూతమునకు బలియై నడుము వంగిన వృద్ధుడు. నల్లగొండ జిల్లా, పెద్దవూర."

తెరమీద ఆ చిత్రము పడగానే హాలులో మెప్పుమాటలు వినబడినవి. పెద్దలు కొంతసేపు చూచిరి.

"చిత్రం బాగుంది. ఈ పెద్దమనిషి పేరేమిటి?"

"తెలియదండీ."

"వయస్సు?"

"ఎనభై ఉండవచ్చు."

"ఉండవచ్చునా, ఉన్నదా?"

నేను మాటాడలేదు.

"సరే. ఫ్లోరైడు వల్ల నడుము వంగిందని మీకెవరు చెప్పారు? ఆయన చెప్పారా? ఇంటివాళ్ళా? డాక్టరా?"

"నల్లగొండ జిల్లా కదండీ!" అంటిని.

హాలులోని వారందరును నవ్విరి. ఆయన నవ్వలేదు. "రేపు పొద్దున మొదటి బస్సుకు వెళ్ళి కనుక్కొని రండి" అని మాత్రము చెప్పి తరువాతి చిత్రమునకు పోయిరి.

ఆ రాత్రి భోజనములైన పిమ్మట, ఆమె మాకు రెండు కథలు చెప్పిరి. ఆ రెండును నన్ను ఉద్దేశించి చెప్పినవే యని గ్రహించితిని.

మొదటిది మన ప్రాంతపు కథ. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిలో గొప్ప కఱవు వచ్చినది. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరముగా దెబ్బతినినవి. ధాతునామ సంవత్సరమున వచ్చుటచే మన పెద్దలు దానిని ధాతు కఱవని చెప్పుకొనెడివారు. ఆ కాలమున విల్లోబీ వాలెస్ హూపర్ అను సైనికోద్యోగి కఱవు బాధితులను చిత్రములు తీసెను. ఎముకల గూళ్ళవంటి స్త్రీ పురుషులను, బిడ్డలను వరుసగా కూర్చుండబెట్టి, నిలువబెట్టి తీసిన చిత్రములవి. కఱవు ఎట్టిదో లోకమునకు చూపిన సాక్ష్యములు అవియే. అందువలన వాటికి విలువ లేదనరాదు. కాని ఆ చిత్రములలోని ఒక్క మనిషి పేరును మనకు తెలియదు. వారు ఏ యూరివారో, ఏ కులవృత్తివారో, పిమ్మట బ్రదికిరో లేదో తెలియదు. కూర్చుండబెట్టినవానికి ఆ ప్రశ్నలు పుట్టలేదు. ఇదే హూపరు తరువాత బర్మాలో, 1886 ప్రాంతమున, మరణశిక్ష పొందినవారిని తుపాకులతో కాల్చు సమయమున తన కెమెరాను సిద్ధపరచుకొని, చిత్రముకొఱకు ఆ గడియను సాగదీసెనను ఆరోపణ పుట్టి, అతనిమీద విచారణ జరిగినది.

రెండవ కథ అమెరికా దేశమునది. 1936వ సంవత్సరము మార్చి నెలలో డొరొథియా లాంజ్ అను ఛాయాగ్రాహకురాలు, ప్రభుత్వ కార్యమున కాలిఫోర్నియాలో తిరుగుచు, నిపోమో అనుచోట బఠాణీకాయలు కోయు కూలీల గుడారములలో ఒక తల్లిని చూచెను. ఆమెకు 32 ఏండ్లు. బిడ్డలు భుజములమీద వాలి ముఖములు దాచుకొనియుండగా, ఆమె గడ్డముక్రింద చేయి పెట్టుకొని దూరమునకు చూచుచున్నది. ఆ చిత్రము లోకప్రసిద్ధమైనది. అది పత్రికలో వచ్చిన పిమ్మట ప్రభుత్వము ఆ గుడారములకు ఆహారము పంపినది. కాని అప్పటికే ఆ కుటుంబము అచ్చటినుండి వెడలిపోయినది. లాంజ్ ఆమె పేరు అడుగలేదు. నలువది రెండేండ్లు ఆ ముఖము పాఠ్యపుస్తకములలోను, తపాలా బిళ్ళలవలె ఇంటింటను తిరిగినది గాని, ఆమె ఎవరో ఎవరికిని తెలియదు. 1978లో ఆమె ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని తెలియవచ్చినది. ఆ చిత్రమువలన తనకు ఏమియు ఒరుగలేదనియు, దానిని తీయకుండినచో బాగుండెడిదనియు ఆమె చెప్పుకొనినది. ఆమెను గురించి అచ్చయిన వివరములలో కొన్ని సత్యములు కావని బిడ్డలు చెప్పిరి.

"లాంజ్ చెడ్డ మనిషి కాదు. మనందరికంటె గొప్ప ఛాయాగ్రాహకురాలు. ఆమెకే ఆ పొరపాటు జరిగినప్పుడు మనమెంత జాగ్రత్తగా ఉండాలి?" అని ఆమె ముగించిరి.

మూడవనాడు తెల్లవారగనే పెద్దవూరకు పోయితిని. టీ దుకాణమున నా కెమెరాలోని చిత్రము చూపి అడుగగా, "ఈయననా? గీత తాత. ఆ సందుల మూడో ఇల్లు" అని చెప్పిరి. గీత తాత యనగా కల్లు గీయు తాత. ఆ మాట వినగానే నా వివరణ వాక్యము మీద నాకు మొదటిసారి అనుమానము పుట్టినది.

వృద్ధుడు వాకిట మంచముమీద కూర్చుండియుండెను. నమస్కరించి, "తాతా, నిన్న బస్సులకాడ మీ ఫోటో తీసినాను" అంటిని.

"తీసినవా? నేను చూడనే లేదు బిడ్డా. ఎందుకు తీసినవు?"

చిత్రమును చూపి, దాని క్రింద వ్రాసినదానిని చదివి వినిపించితిని. వినిపింపకుండ తప్పించుకొనవలెనని మనస్సు చెప్పినది. కాని నన్ను పంపినది అందులకే. ఆయన కొంతసేపు ఊరకుండెను.

"నాకు ఫ్లోరైడు ఎవలు పెట్టిండ్రు బిడ్డా? నేను తాటిచెట్టు మీదికెల్లి పడ్డ. వాన పడి చెట్టు నాని ఉండె. కాలు జారింది. ఇరువై ఏండ్లాయె."

నలువదియేండ్లు చెట్లెక్కిన మనిషి. పడిన పిమ్మట ఆరు నెలలు మంచమున ఉండెననియు, లేచినది మొదలు నడుము ఇట్లే యున్నదనియు చెప్పెను. ఆ మీదట, లోపలనుండి నీళ్ళు తెచ్చిన ఆడపిల్ల తిరిగి పోవువరకు ఆగి, గొంతు తగ్గించి, "ఈ మాట పేపర్ల ఏస్తవా? మా మనుమరాలికి సంబంధం చూస్తున్నం. ఈ ఇంట్ల బొక్కల రోగం ఉన్నదని రాస్తే, వచ్చేటోళ్ళు ఎనుకకు మల్లుతరు బిడ్డా" అనెను.

శ్రోతలారా, ఈ మాటలోని బరువు తెలియుటకు ఫ్లోరైడు సంగతి కొంత చెప్పవలెను. భూగర్భజలమునందు ఫ్లోరైడు మితిమీరియున్నచోట, ఏండ్ల తరబడి ఆ నీటిని త్రాగినవారికి మొదట పండ్లమీద గోధుమరంగు మచ్చలు వచ్చును. పిమ్మట ఎముకలు బిగిసి వంకరపోవును. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. మన దేశమున ఈ వ్యాధిని మొదట గుర్తించినది 1937లో, ఆనాటి నెల్లూరు జిల్లాలో. నల్లగొండ జిల్లాయందు మర్రిగూడ, మునుగోడు ప్రాంతములు దీనిచే మిక్కిలి బాధపడినవి. పటిక, సున్నము కలిపి నీటినుండి ఫ్లోరైడును తొలగించు పద్ధతికి నల్లగొండ పద్ధతి యని లోకమంతట పేరు వచ్చినదన్నచో, ఆ జిల్లా పేరు ఈ బాధతో ఎంతగా ముడివడినదో ఊహింపవచ్చును. ఇప్పుడు కృష్ణా జలములు గొట్టములగుండ గ్రామములకు వచ్చుచున్నవి. కాని ఆ పేరు ఇంకను వదలలేదు. ఇది అంటువ్యాధి కాదు, తండ్రినుండి బిడ్డకు వచ్చునది కాదు. ఐనను, ఫలానా యూరి నీళ్ళు చెడ్డవను మాట పుట్టినచో ఆ యూరికి పిల్లనిచ్చుటకును, ఆ యూరి పిల్లను తెచ్చుకొనుటకును జనులు వెనుదీయుట ఆ జిల్లాలో అందరెరిగిన సంగతి.

నిజముగా ఆ వ్యాధి గలవారి చిత్రములు పత్రికలలో రావలదని నేననను. అవి రాకున్నచో రాజధానులలోని పెద్దలకు ఆ బాధ చాలకాలము తెలియకపోయెడిది. కాని వంగిన నడుము కనబడినచోటనెల్ల ఫ్లోరైడని వ్రాసినచో, ఆ నిజమైన బాధితుల సాక్ష్యమునకు గూడ విలువ తగ్గును. ఒక సాక్షి అబద్ధమాడెనని తేలినచో, తక్కిన సాక్షుల మాటను గూడ న్యాయస్థానము అనుమానించును గదా.

నా తప్పు అంతతో ఆగలేదు. నా వ్రాత ఒక అసత్యమును చెప్పుటయే గాక, దాని క్రిందనున్న సత్యమును కప్పివేసినది. తాటిచెట్టు నిటారుగా నలువది ఏబది అడుగులు లేచియుండును. పట్టుకొనుటకు కొమ్మ లేదు. గీతపనివాడు నడుమునకును చెట్టునకును కలిపి మోకు చుట్టి, కాళ్ళకు బంధము వేసికొని, లొట్టి, కత్తి కట్టుకొని దినమునకు ఎన్నోచెట్లు ఎక్కి దిగును. మోకు జారినను, పాదము తప్పినను ప్రాణమో నడుమో పోవును. ఇట్టి ప్రమాదములు తెలంగాణమునందు ఏటేట జరుగుచున్నవి. వాటిని నివారించుటకే 2024వ సంవత్సరము జులై నెలలో ప్రభుత్వము గీతపనివారికి, వారి కులదైవమైన కాటమయ్య పేర, పడకుండ కాపాడు పట్టీలు మొదలగు సాధనముల నిచ్చు పథకమును ప్రారంభించినది. నేను తీసిన చిత్రము ఆ వార్తకు చెందినది. పేరు అడుగనందున, దానిని నేను మరియొక వార్తలో బలవంతముగా ఇరికించితిని.

ఆయన యొద్ద క్షమాపణ కోరి, ఆ చిత్రమును ఎచ్చటను ప్రకటింపనని మాట యిచ్చితిని. "మరి మంచిగ ఇంకోటి తీయరాదూ" అనెను. చెట్లెక్కుట యెట్లో నాకు తెలియదని చెప్పగా, కఱ్ఱ ఆనించుకొని లేచి, గోడకు మేకునుండి వ్రేలాడుచున్న పాత మోకును తానే దింపి తెచ్చి, మంచముమీద కూర్చుండి, ముడి యెట్లు వేయవలెనో చూపసాగెను. వాకిలినుండి ఉదయపుటెండ ఏటవాలుగా ఆయన చేతులమీద పడినది. ఆ వ్రేళ్ళు మోకును పట్టిన తీరు చూడగా, ఇరువదియేండ్లు మానిన పని వలె లేదు. మూడు దూరములనుండి మూడు చిత్రములు తీసితిని. పేరు, ఇంటిపేరు, వయస్సు అడిగి, వ్రాసికొని, తిరిగి చదివి వినిపించితిని. ఇంటిపేరులో ఒక అక్షరమును ఆయన మనుమరాలు దిద్దినది.

మధ్యాహ్నము శిబిరమున ఆ చిత్రము చూపినప్పుడు పెద్దలు అడిగిన మొదటి ప్రశ్న నేను ఎదురుచూడనిది.

"మోకు ఆయన దించారా? మీరు దింపించారా?"

"ఆయనే దించినారండీ. ముడి చూపడానికి."

"అయితే అట్లాగే రాయండి. మీరు దింపించి ఉంటే అదీ రాయాలి. మనిషిని కూర్చోబెట్టి తీయడం తప్పు కాదు. కూర్చోబెట్టి, దానంతటదే జరిగిందని చెప్పడం తప్పు."

పత్రికా ఛాయాగ్రాహకుల ధర్మమంతయు దాదాపు ఈ మాటలో నున్నది. లేనిదానిని చేర్చరాదు, ఉన్నదానిని తీసివేయరాదు. వెలుతురు కొంచెము పెంచుట, అంచు కత్తిరించుట వారికి సమ్మతమే. ఒక మనిషిని చెరిపివేయుట, మరియొక ఆకాశమును తెచ్చి అతికించుట సమ్మతము కాదు. ఇప్పుడు యంత్రమే, ఎవరును తీయని చిత్రమును, ఎన్నడును పుట్టని మనిషి ముఖమును క్షణములో కల్పించి యిచ్చుచున్నది. అట్టి కాలమున ఒక చిత్రము నిజమని మనకెట్లు తెలియును? చిత్రమును ఎంత పరీక్షించినను కొన్నిమారులు తెలియదు. అది తీసినవాడు అచ్చట నుండెననియు, ఆ మనిషితో మాటాడెననియు, తన పేరుతో ఆ మాటకు నిలుచుననియు తెలిసినప్పుడే మనకు నమ్మకము కలుగును. కనుక చిత్రము క్రింది రెండు పంక్తులు పూర్వముకంటె ఇప్పుడే ఎక్కువ విలువైనవి.

ఇది వృత్తిలోనివారికి మాత్రమే చెందిన విషయము కాదు. మీలో ప్రతివారును దినమునకు ఒక చిత్రమునైనను తీసియో, ఇతరులు పంపినది మరియొకరికి పంపియో యుందురు. ఎప్పటిదో, ఏ దేశపుదో యొక వరద చిత్రము, నేటి ఉదయము మన యేటికి వచ్చినదను వ్రాతతో చేతినుండి చేతికి పోవుట మీరు చూచియే యుందురు. ఆ శిబిరమున మేము నేర్చిన నాలుగు ప్రశ్నలు మీకును పనికివచ్చును. ఈ చిత్రములోనిది ఎవరు? ఎచ్చట, ఏ దినమున తీసినది? ఏమి జరుగుచున్నది? ఇది నాకెట్లు తెలిసినది? మొదటి మూడింటికి జవాబు దొరికినను, నాలుగవదానికి దొరకనిచో, ఊహించి వ్రాయకుడు, పంపకుడు. ప్రమాదమునందు పడియున్నవారిని, ఏడ్చుచున్న బిడ్డలను తీయునప్పుడు ఐదవ ప్రశ్న యొకటి వేసికొనవలెనని ఆమె చెప్పిరి: ఇప్పుడు కావలసినది నా కెమెరాయా, నా చేయియా?

శిబిరము ముగియునాడు మా కిద్దరును చెప్పిన కడపటి నియమము, తీసిన చిత్రమును ఆ మనిషికి చేర్చవలెననునది. రెండు వారముల తరువాత ఆ చిత్రమును పెద్దగా అచ్చువేయించి పెద్దవూరకు తీసికొనిపోయితిని. దాని క్రింద ఆయన పేరు, వయస్సు, ఊరు, నలువదియేండ్లు కల్లు గీసిన సంగతి, చెట్టునుండి పడిన సంగతి, ముడి వేయు విధమును నాకు చూపుచుండగా తీసిన చిత్రమని రెండు పంక్తులలో ఉన్నది. ఆ పేరును నేనిచ్చట చెప్పను. ఆయన నాకు అనుమతి యిచ్చినది ఆ చిత్రమునకే గాని, ఈ ప్రసంగమునకు కాదు.

మనుమరాలు ఆ రెండు పంక్తులను తాతకు బిగ్గరగా చదివి వినిపించినది. ఆయన చిత్రమును కొంచెము దూరముగా పట్టుకొని చాలసేపు చూచి, "చేతులు మంచిగ పడ్డయి" అనెను.